గల్ఫ్‌కు ఇంటిల్లిపాదీ పోవాలా వద్దా? పగలంతా ఇంట్లో ఉండే మనిషిని బట్టి తేల్చుకోండి

మహారాష్ట్ర విదర్భలో బల్లార్షా, చంద్రపూర్, రాజురా, సిరొంచా వైపు ఉన్న మన తెలుగువాళ్ల దగ్గర దుబాయ్ మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు ఒకటే: "ఎండా? మనకు ఎండ కొత్తనా?" నేనూ అదే అన్నాను. మే నెలలో 46, 47 డిగ్రీలు మామూలుగా చూసే ఊరు మాది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అవ్వ చెబుతుంటే వింటూ పెరిగాను, జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుని పేపర్ మిల్లు గేటు దాకా సైకిల్ మీద పోయేవాణ్ని, అలాంటివాడికి ఎడారి ఊరు ఒక లెక్కా అనుకున్నాను. ఏడేళ్లు అక్కడ ఉన్నాను, అందులో అయిదేళ్లు భార్యాపిల్లలతో. నాకు ఏమీ కాలేదు. మొదటి ఏడు కష్టమంతా పడింది మా ఇంటామె. ఎందుకంటే నేను పొద్దున ఏసీ బండిలో పోయి ఏసీ ఆఫీసులో కూర్చుని రాత్రికి ఏసీ ఇంటికి వచ్చేవాణ్ని, ఆమె మాత్రం మూడేళ్ల పాపతో నాలుగు గోడల మధ్య జులై నుంచి సెప్టెంబర్ దాకా ఉంది.

అందుకే "అన్నా, ఆఫర్ వచ్చింది, పిల్లల్ని తీసుకుపోనా, ఒక్కణ్నే పోనా" అని ఎవరు అడిగినా నేను జీతం ఎంత అని ముందు అడగను. పగలు ఇంట్లో ఉండేది ఎవరు, వాళ్లు జులైలో ఒక మంగళవారం పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఏం చేస్తారు, అని అడుగుతాను. దానికి జవాబు దొరికితే మిగతాదంతా లెక్కలే. ఆ లెక్కలు ఎలా చూసుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. ఎక్కువగా దుబాయ్, షార్జా గురించి, అక్కడక్కడ సౌదీ గురించి.

ముందు ఎండ లెక్క సరిచేసుకోండి

మనం చూసేది ఒక్క అంకె, ఇవాళ ఎన్ని డిగ్రీలు అని. ఆ అంకె మీద పోలిస్తే చంద్రపూర్ మే నెల దుబాయ్ ఆగస్టు కన్నా ఎక్కువే. దుబాయ్‌లో ఆగస్టు పగటి సగటు 41 దగ్గర ఉంటుంది. తేడా మూడు చోట్ల ఉంది.

మొదటిది ఎన్నాళ్లు అనేది. మనకు ఏప్రిల్‌లో మొదలైతే జూన్ రెండో వారానికి మృగశిర వస్తుంది, మబ్బు పడుతుంది, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన వాన ఒకటి పడితే మనిషికి ప్రాణం లేచి వస్తుంది. అక్కడ మృగశిర లేదు. మే నడుమ మొదలైన ఎండ సెప్టెంబర్ ఆఖరు దాకా అలాగే ఉంటుంది, నడుమ ఒక్క చినుకు లేదు, ఏడాది మొత్తం మీద పడేది వంద మిల్లీమీటర్ల లోపే, అది కూడా చలికాలంలో. పది వారాలు ఓర్చుకునే అలవాటు ఉన్న ఒంటికి ఇరవై వారాలు ఓర్చుకోమని చెప్పడం వేరే సంగతి.

రెండోది ఉక్క. మన కూలర్ ఎందుకు పనిచేస్తుంది? గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గడ్డిలో ఉన్న తడిని లాక్కుంటుంది, ఆ తడి ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. మన చెమట కూడా అదే పని చేస్తుంది. దుబాయ్, అబుదాబి, దోహా సముద్రం ఒడ్డున ఉన్నాయి, ఆ సముద్రం లోతు తక్కువ, ఆగస్టులో నీళ్లే 33, 34 డిగ్రీలకు వేడెక్కుతాయి, ఆ తడంతా గాలిలో ఉంటుంది. తొలి వానలు పడ్డాక మన ఇంట్లో కూలర్ వేస్తే ఒళ్లు జిగటగా అయి ఇంకా విసుగొస్తుందే, అదే ఉక్కను 40 డిగ్రీల వేడితో కలిపి ఊహించుకోండి. రియాద్ అలా కాదు. సముద్రానికి దూరం, ఎత్తు 600 మీటర్లు, పొడి ఎండ, అక్కడ మన కూలర్ కూడా పనిచేస్తుంది, చలికాలం రాత్రులు పది డిగ్రీల కిందికి కూడా పోతాయి. అంటే మన విదర్భ ఒంటికి రియాద్ ఎండ తెలిసిన ఎండ, దుబాయ్ ఎండ తెలియని ఎండ. అంకె మాత్రం రియాద్‌దే పెద్దది. కువైట్ ఇంకో మెట్టు పైన, 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది.

మూడోది రాత్రి. దుబాయ్‌లో ఆగస్టు రాత్రి 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఉక్క మాత్రం పగటి కన్నా ఎక్కువ అనిపిస్తుంది. మనం డాబా మీద నీళ్లు చల్లి మంచం వేసుకుని పడుకుంటాం, అక్కడ ఆ వీలు లేదు. డాబా మీద ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా ఉంటాయంటే చల్లనీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. వేసవిలో అక్కడ అందరూ గీజర్ ఆపేసి, ఇంటి లోపల గీజర్‌లో నిలిచి చల్లబడిన నీళ్లనే స్నానానికి వాడతారు, అంటే వేడినీళ్ల కుళాయిలో చల్లనీళ్లు వస్తాయి. ఇది నాకు తెలియక మొదటి వారం పాపకు స్నానం చేయించడానికి బకెట్‌లో ఐసు ముక్కలు వేశాం.

మీ పని బయట అయితే ఇంకో సంగతి చూసుకోండి. యూఏఈలో (దుబాయ్, షార్జా, అబుదాబి ఉన్న దేశం) జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. సౌదీలో అవే తేదీలు, 12 నుంచి 3. ఖతార్‌లో జూన్ 1 నుంచే, పొద్దున 10 నుంచి 3:30 దాకా. ప్రభుత్వమే చట్టం చేసి ఆపాల్సి వచ్చిన ఎండ అది. సైటు మీద పనిచేసే మనిషి ఇంటికి వచ్చాక పిల్లలతో ఆడుకునే ఓపిక ఎంత మిగులుతుందో కూడా కుటుంబం లెక్కలో వేసుకోవాలి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. అక్టోబర్ ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊళ్లు చాలా బాగుంటాయి. సాయంత్రం పార్కులో పచ్చిక మీద కూర్చుని తినడం, బీచ్‌లో పిల్లలు ఇసుకలో ఆడుకోవడం, అవన్నీ నిజంగా మంచి రోజులు. మీకు ఫొటోలు పంపే బంధువులు ఈ ఆరు నెలల ఫొటోలే పంపుతారు.

ఇంట్లో ఉండే మనిషి రోజు

ఒక కాగితం తీసుకుని రాయండి, మీరు రాయకండి, ఇంట్లో ఉండబోయే మనిషి చేత రాయించండి. జులైలో పొద్దున పిల్లల్ని స్కూలు బస్ ఎక్కించడానికి ఎంత దూరం నడవాలి? (జులై, ఆగస్టు అక్కడ బడికి సెలవులు, కాబట్టి ఆ రెండు నెలలు పిల్లలు కూడా ఇంట్లోనే, ఇది ఇంకా పెద్ద ప్రశ్న.) కూరగాయలకు కింద దుకాణం ఉందా? మెట్రో స్టేషన్ ఎన్ని నిమిషాలు? మ్యాపులో ఎనిమిది నిమిషాలు అని చూపించే దారి ఆగస్టులో చంకలో బిడ్డతో నడిచే దారి కాదు. స్టేషన్ లోపలా రైల్లో అంతా చల్లగా ఉంటుంది, ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే చోటు ఉంటుంది, కానీ స్టేషన్ దాకా పోవడమే సమస్య.

మా మొదటి ఇల్లు నా ఆఫీసుకు దగ్గర అని తీసుకున్నాను. చుట్టూ గోదాములు, ఒక పెట్రోల్ బంకు. మాట్లాడదామన్నా పక్కింటి మనిషి కనిపించరు. అయిదు నెలలు మా ఇంటామె బాల్కనీ తలుపు కూడా తెరవలేదు. ఒక రాత్రి "బల్లార్షాలో కరెంటు పోతే అందరం వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లం, ఇక్కడ కరెంటు పోదు, అందుకే ఎవరూ బయటికి రారు" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మరుసటి ఏడు ఒప్పందం అయిపోగానే నాకు గంట దూరం అయినా సరే అల్ ఖుసైస్‌లో, కింద కిరాణా దుకాణం, అదే మెట్ల మీద రెండు తెలుగు ఇళ్లు, ఒక మరాఠీ ఇల్లు ఉన్న పాత బిల్డింగుకు మారాం. ఇల్లు చిన్నదైంది, ఆమె బాగుపడింది. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు ఆఫీసు నుంచి కాదు, ఇంటి తలుపు నుంచి కొలవండి. బడి, దుకాణం, డాక్టరు, ఒక్క తోటి తెలుగు మనిషి, ఈ నాలుగూ ఎండ తగలకుండా అందాలి.

మన వైపు వాళ్లకు ఒక మేలు ఉంది, దాన్ని తక్కువ అనుకోకండి. మన ఆడవాళ్లకు తెలుగుతో పాటు మరాఠీ, హిందీ వస్తాయి. ఆ ఊళ్లలో దుకాణంలో, టాక్సీలో, ఆసుపత్రి కౌంటర్‌లో హిందీ నడుస్తుంది. కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చిన మా బంధువుల ఇళ్లలో భాష రాక మొదటి ఏడు నోరు కట్టేసుకుని ఉన్నవాళ్లను చూశాను, మా ఇంటామె రెండో రోజే దుకాణం అతనితో కొత్తిమీర ధర బేరమాడింది.

ఆమెకు ఇక్కడ ఉద్యోగం ఉంటే, అంగన్‌వాడీ కానీ బడి పంతులమ్మ కానీ, అది వదిలేసి రావడం అంటే ఎంత వదులుతున్నారో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. యూఏఈలో భర్త వీసా మీద ఉన్న భార్య కూడా కంపెనీ వాళ్లు వర్క్ పర్మిట్ తీస్తే పని చేయొచ్చు, కానీ అక్కడికి పోయాక పని దొరుకుతుందిలే అని అంచనా మీద ఇక్కడి పక్కా ఉద్యోగం రాజీనామా చేయించొద్దు. సెలవు పెట్టి ఒక ఏడాది చూడగలిగితే అదే నయం.

డబ్బు: వీసాకు సరిపోవడం వేరు, బతకడానికి సరిపోవడం వేరు

యూఏఈలో కుటుంబాన్ని స్పాన్సర్ చేయడానికి, అంటే మీ పూచీ మీద వాళ్లకు వీసా తీయడానికి, జీతం నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు ఉండటానికి ఇల్లు ఉంటే చాలు అని నియమం. చాలామంది ఇది విని సరిపోయింది అనుకుంటారు. సరిపోయేది వీసాకు మాత్రమే.

పది వేల దిర్హాముల జీతం అనుకుందాం, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాది అద్దె 60,000 అనుకుందాం. దుబాయ్‌లో అద్దె నెలనెలా ఇచ్చే పద్ధతి తక్కువ, ఏడాది అద్దెను ఒకటి, రెండు, నాలుగు చెక్కులుగా ముందే రాసిస్తారు. నాలుగు చెక్కులైతే మొదటి రోజే 15,000. డిపాజిట్ అయిదు శాతం 3,000. ఏజెంటుకు అయిదు శాతం ఇంకో 3,000. కరెంటు, నీళ్ల కనెక్షన్ డిపాజిట్ ఫ్లాటుకు 2,000. అంటే ఇంట్లో ఒక చాప కూడా లేకుండానే 23,000 దిర్హాములు, దిర్హామ్‌కు 23 రూపాయలు వేసినా అయిదు లక్షల ఇరవై తొమ్మిది వేలు. చాలా ఫ్లాటుల్లో మంచం, ఫ్రిజ్ ఉండవు. ఈ డబ్బు కంపెనీ అడ్వాన్స్‌గా ఇస్తుందా, జీతంలో కోస్తుందా అని ఆఫర్ ఒప్పుకోకముందే అడగండి. ఇక్కడ బంగారం తాకట్టు పెట్టి పోతే ఆ టెన్షన్ మొదటి రెండేళ్లు వదలదు.

తర్వాత నెల ఖర్చు. అద్దె నెలకు 5,000 పడుతుంది. అద్దెలో అయిదు శాతం హౌసింగ్ ఫీజు అని కరెంటు బిల్లులో వస్తుంది, నెలకు 250. ఇద్దరు పిల్లల బడి, బస్ కలిపి 2,000, తిండి 1,500, కరెంటు నీళ్లు చల్లదనం 600, ఇంటర్నెట్ ఫోన్లు 400 అని తక్కువలో తక్కువ వేసినా 9,750. మిగిలింది 250. ఇంకా విమానం టికెట్లు వేయలేదు, భార్యాపిల్లల ఆరోగ్య బీమా వేయలేదు, పళ్ల డాక్టరు వేయలేదు. అదే జీతం మీద ఒక్కరే బెడ్‌స్పేస్‌లో (నలుగురు పంచుకునే గదిలో ఒక మంచం) ఉంటే నెలకు ఆరేడు వేల దిర్హాములు ఇంటికి పంపొచ్చు. కుటుంబాన్ని తీసుకుపోతే మిగిలేది డబ్బు కాదు, కలిసి ఉన్న ఏళ్లు. ఆ ఏళ్లకు విలువ ఉంది, మా పాప నన్ను నాన్నగా ఎరిగింది ఆ ఏళ్ల వల్లే, నేను దానికి ఎప్పుడూ చింతించలేదు. కానీ ఇల్లు కట్టాలి, చెల్లెలి పెళ్లి చేయాలి, అప్పు తీర్చాలి అని పోతున్నవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా పోతే రెండూ దక్కవు.

చల్లదనం అని విడిగా రాశాను చూడండి, అది అందరూ మరిచిపోయే ఖర్చు. కొన్ని బిల్డింగుల్లో ఏసీ ఖర్చు అద్దెలోనే ఉంటుంది, చిల్లర్ ఫ్రీ అంటారు. కొన్నిచోట్ల బిల్డింగు ఏసీకి చల్లనీళ్లు పంపే కంపెనీకి వేరే బిల్లు, వేసవిలో అది కరెంటు బిల్లును మించిపోతుంది. అద్దె తక్కువగా కనిపించిన ఇల్లు దీనివల్ల ఎక్కువ పడొచ్చు. ఇంటివాళ్లను కాకుండా ఇప్పుడు ఆ బిల్డింగులో ఉంటున్నవాళ్లను ఆగస్టు బిల్లు చూపించమని అడగండి.

ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అని విడదీసి చూడండి. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే: మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత 30 రోజుల జీతం. పదివేలలో బేసిక్ అయిదు వేలే అయితే ఏడాదికి వచ్చేది 3,500 దిర్హాములు. దుబాయ్‌లో ఉద్యోగికి కంపెనీ బీమా తీయాలి, భార్యాపిల్లల బీమా మాత్రం స్పాన్సర్ మీద, అంటే మీ మీద. అబుదాబిలో భార్యకు, ముగ్గురు పిల్లల దాకా కంపెనీయే ఇవ్వాలి. అదే జీతానికి ఈ రెండు ఊళ్ల మధ్య తేడా ఇక్కడ తేలుతుంది.

సౌదీ అయితే ఇంకొకటి. 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద ఫీజు పెట్టారు, మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలై ఏటా పెరిగి 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే ఏడాదికి 14,400 రియాళ్లు, మూడు లక్షల పైమాట, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యూవల్‌తో ముందే కట్టాలి. దాన్ని ఎవరు కడతారో ఆఫర్‌లో రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. నాకు తెలిసిన ఒకతను నోటిమాట మీద పోయి, ఆరు నెలలకే కుటుంబాన్ని తిరిగి పంపేశాడు.

ఉద్యోగం పోతే ఏమవుతుంది అన్నది కూడా డబ్బు లెక్కే. ఇంటిల్లిపాది వీసాలూ మీ ఒక్క ఉద్యోగానికి వేలాడుతుంటాయి. వీసా రద్దయ్యాక యూఏఈలో చాలామందికి 60 రోజుల గడువు ఉంటుంది, కొన్ని కేటగిరీల వాళ్లకు ఇంకా ఎక్కువ. 2023 నుంచి తప్పనిసరి చేసిన ఉద్యోగ బీమా కట్టి ఉంటే, తగిన అర్హత ఉంటే, బేసిక్‌లో 60 శాతం మూడు నెలల దాకా వస్తుంది. కానీ బడి ఏడాది నడుమ, అద్దె చెక్కులు ఇంకా రెండు మిగిలి ఉండగా ఆ గడువు వస్తే చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండాలి. అది లేకుండా కుటుంబాన్ని తీసుకుపోవద్దని నా గట్టి మాట.

పిల్లల చదువు, ముఖ్యంగా ఏడో తరగతి దాటినవాళ్లు

చిన్న పిల్లలైతే ఇబ్బంది తక్కువ. సీబీఎస్ఈ బడులు చాలా ఉన్నాయి, అక్కడా ఏడాది ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. దుబాయ్‌లో ప్రతి ప్రైవేటు బడి ఫీజు తరగతి వారీగా, తనిఖీ రేటింగ్‌తో సహా కేహెచ్‌డీఏ (అక్కడి ప్రైవేటు బడులను చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరినీ అడగాల్సిన పని లేదు. అరబిక్ తొమ్మిదో తరగతి దాకా తప్పదు. జిల్లా పరిషత్ మరాఠీ మీడియం నుంచి పోయే పిల్లలకు ఒక్కసారిగా ఇంగ్లీషు, అరబిక్ మీద పడతాయి, మూడో తరగతి లోపు అయితే తట్టుకుంటారు, ఆ తర్వాత కష్టపడతారు.

పెద్ద పిల్లల దగ్గరే ఆగి ఆలోచించాలి. మహారాష్ట్రలో మెడికల్ సీటుకు రాష్ట్ర కోటా కావాలంటే డొమిసైల్ (స్థానికత) సర్టిఫికెట్‌తో పాటు పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ మహారాష్ట్రలో పాసై ఉండాలి, దీనికి మినహాయింపులు కొన్ని ఉద్యోగాల వాళ్లకే. పిల్ల పదో తరగతి దుబాయ్‌లో పాసైతే ఆ కోటా పోతుంది. నీట్ పరీక్ష అక్కడే రాయొచ్చు, 2021 నుంచి దుబాయ్, కువైట్‌లలో సెంటర్లు మొదలయ్యాయి, కానీ పరీక్ష రాయడం వేరు, ఏ కోటాలో సీటు వస్తుందన్నది వేరు. మా బావగారి అమ్మాయికి డాక్టర్ కావాలని ఆశ, ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయనకు దోహా ఆఫర్ వచ్చింది. నేను ఈ సంగతి చెప్పాక ఆయన ఒక్కడే వెళ్లాడు, తల్లీకూతుళ్లు చంద్రపూర్‌లోనే ఉన్నారు. అందరికీ అదే సరైనదని కాదు, పిల్ల ఏం చదవాలనుకుంటోందో పిల్లను అడిగి తేల్చండి.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో చిక్కు. 2020 చట్టంతో మహారాష్ట్రలో ఏ బోర్డు బడి అయినా మరాఠీ నేర్పాలి. అయిదేళ్లు మరాఠీ ముఖం చూడని పిల్లవాడు ఏడో తరగతిలో వచ్చి చేరితే ఏడుస్తాడు. అక్కడ ఉన్నన్నాళ్లు వారానికి రెండు గంటలు ఇంట్లో మరాఠీ చదివించండి. తెలుగు రాయడం కూడా నేర్పండి, అక్కడ బడి నేర్పదు.

ఒంట్లో బాగులేనివాళ్లు, ఇక్కడ మిగిలే పెద్దవాళ్లు

ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఇసుక గాలుల సంగతి డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయం. రియాద్, కువైట్‌లలో వసంతకాలం నుంచే దుమ్ము లేస్తుంది. చంద్రపూర్ పొగకు, బొగ్గు ధూళికి దూరంగా పోతే బాగుపడుతుందని కొందరు అనుకుంటారు, దుమ్ము మారుతుంది అంతే. కిడ్నీలో రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లకు అక్కడ మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ, ఏసీలో దాహం తెలియక నీళ్లు తాగడం తగ్గిపోతుంది. అంత ఎండ ఉన్న ఊళ్లో విటమిన్ డి తక్కువ కావడం మామూలే, ఎవరూ ఎండలోకి పోరు కదా. మా ఇద్దరు పిల్లలకూ తగ్గింది. కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. నెలలు నిండే గర్భిణి అయితే కానుపు ఇక్కడ అయ్యాకే తీసుకుపోండి, బీమా కొత్తగా తీసుకున్నప్పుడు కానుపు ఖర్చుకు షరతులు ఉంటాయి.

పెద్దవాళ్ల సంగతి రాయడం నాకు కష్టం. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు విమానం నాలుగు గంటలే, కానీ అక్కడి నుంచి రైల్లో బల్లార్షాకు ఇంకో అయిదారు గంటలు, నాగ్‌పూర్‌కు విమానం దొరికితే అక్కడి నుంచి ఇంటికి మూడు గంటలు. మధ్యలో సెలవు దొరకడం, టికెట్ దొరకడం. మా బాపుకు గుండెపోటు వచ్చిన రోజు నేను ఇల్లు చేరేసరికి ఒకటిన్నర రోజు అయింది. బతికాడు. ఆ రోజు బాపును నాగ్‌పూర్ తీసుకుపోయింది పక్కింటి అబ్బాయి. మీరు పోకముందే ఆ మనిషి ఎవరో తేల్చుకుని, ఆయన చేతిలో కొంత డబ్బు, బీమా కాగితాలు, డాక్టరు ఫోన్ నంబరు పెట్టి పోండి.

కాగితాల్లో పేర్లు

ఇది మన సరిహద్దు వాళ్లకే ఉన్న చిక్కు. మహారాష్ట్ర కాగితాల్లో పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, తర్వాత ఇంటిపేరు. తెలంగాణలో పుట్టి చదివిన కోడలి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అదీ చాలాసార్లు ఒక్క అక్షరం. పెళ్లయ్యాక ఇక్కడ ఆధార్‌లో మీ పేరు నడుమ చేరింది. పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఇంకో రకం. పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్ మూడింటిలో ఒకే పేరు లేకపోతే ఫ్యామిలీ వీసా ఆగుతుంది. ముందు పేర్లు సరిచేసుకోండి, ఆ తర్వాతే అటెస్టేషన్‌కు (కాగితం అసలైనదే అని ముద్ర వేయించడానికి) పంపండి, యూఏఈకైతే వరుస ఇది: రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ లేదా కాన్సులేట్, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. మాకు పేరు మార్చడానికే మూడు నెలలు పట్టింది. బ్యాంకులో మీ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి రాబడి కోసం ఉండే ఖాతా) మార్పించి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి, ఎన్ఆర్ఈ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు.

ఒకసారి చూసి రావడం, జనవరిలో కాదు

జీతం కాగితం మీద కుదిరి, కుటుంబం అటూ ఇటూగా ఉంటే విజిట్ వీసా మీద రెండు వారాలు తీసుకుపోయి చూపించండి. విదర్భ బడులు జూన్ ఆఖరుకు గానీ తెరవవు, కాబట్టి జూన్ మొదటి రెండు వారాలు మనకు సరిగ్గా సరిపోతాయి. హోటల్లో ఉంచొద్దు, మీరు ఉండాలనుకునే వీధిలోనే ఎవరి ఇంట్లోనైనా గది తీసుకోండి. మీరు పొద్దున పనికి పోయినట్టే బయటికి పోండి, రాత్రికి రండి. మాల్, బుర్జ్ చూపించే పని ఆఖరి రెండు రోజులకు పెట్టుకోండి. పదో రోజు "ఇలా అయిదు నెలలు ఉండగలవా" అని అడగండి, "మీ ఇష్టం" అంటే అది ఒప్పుకోవడం కాదు, మళ్లీ అడగండి.

వద్దు అని తేలితే నడిమి దారి ఉంది. బడికి పోని చిన్న పిల్లలైతే అక్టోబర్ ఆఖరు నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా అక్కడ, ఎండాకాలం ఇక్కడ. యూఏఈ వీసా ఉన్నవాళ్లు మామూలుగా ఆరు నెలలకు మించి బయట ఉంటే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

పోవాలనే తేలితే పోయే నెల ఎంచుకోండి. బడి పిల్లలుంటే మార్చి ఆఖరి వారం, ఏప్రిల్‌లో బడి మొదలవుతుంది, ఇంట్లో మనిషికి ఎండ ముదిరే లోపు ఆరు వారాలు దొరుకుతాయి, ఆ ఆరు వారాల్లో నలుగురితో పరిచయం కావాలి. పిల్లలు చిన్నవాళ్లైతే అక్టోబర్ ఆఖరు. మే, జూన్, జులైలలో మాత్రం వద్దు, నేను తీసుకుపోయింది జులైలోనే.

సామాను సర్దేటప్పుడు అవ్వ కట్టిచ్చే మసాలా పొట్లాలు ఒక్కొక్కటి విప్పి చూడండి. గసగసాలు అక్కడ నిషేధం, మత్తుమందు కిందికి వస్తాయి, మటన్ మసాలాలో కలిపి ఉన్నా తీసేయండి. తమలపాకులు, జర్దా, గుట్కా వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు ముందుగా అనుమతి లేకుండా తీసుకుపోకూడదు, మిగతా మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచండి. మామిడికాయ పచ్చడి తీసుకుపోండి, నూనె కారకుండా రెండు కవర్లు వేసి పెద్ద సూట్‌కేసులో పెట్టండి, చేతి సంచిలో పెడితే హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు.